పిల్లల ఆపరేషన్ తర్వాత వాంతులు: మత్తు చెకప్ నుంచి ఇంటికి చేరేదాకా మేం చేసేది

మెల్లకన్ను, టాన్సిల్స్ ఆపరేషన్లు ఉన్నాయంటే వాంతుల గురించి మా పని ముందురోజు సాయంత్రం మత్తు చెకప్‌లోనే మొదలవుతుంది. వాంతి అయ్యాక ఇచ్చే ఇంజెక్షన్ కంటే, కాకుండా ముందే చేసుకునే ఏర్పాట్లకే ఫలితం ఎక్కువ. పిల్లలకు మత్తు ఇచ్చే పనిలో నాకు బాగా రూఢి అయిన సంగతి ఇది.

"మత్తు కదా, ఒకటి రెండు వాంతులు మామూలే" అని చాలామంది వదిలేస్తారు. కానీ కక్కుతున్న పిల్లవాడు నీళ్ళు తాగడు, నొప్పి సిరప్ కడుపులో నిలవదు. నొప్పికి ఏడుస్తాడు, ఏడుస్తూ గాలి మింగి మళ్ళీ కక్కుతాడు. టాన్సిల్స్ తీసినచోట, కంటి కుట్ల మీద ఆ ముక్కుడు ఒత్తిడి అంతా పడుతుంది. మత్తు పూర్తిగా వదలకముందే అయితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. సాయంత్రానికి ఇంటికి వెళ్ళాల్సిన పిల్లవాడు రాత్రి వార్డులో ఉండిపోవడానికి తరచుగా కనబడే కారణాల్లో ఇదొకటి.

చెకప్‌లో ఆపరేషన్ వివరాలు, దగ్గు, జలుబు అయ్యాక తల్లిని అడిగేవి ఇవి: "అమ్మా, బాబుకి ఇదివరకు ఆపరేషన్ అయిందా? అప్పుడు వాంతులయ్యాయా? బస్సెక్కితే, కారెక్కితే కక్కుతాడా? మీకు గానీ, వాళ్ళ నాన్నగారికి గానీ, తోబుట్టువులకు గానీ మత్తు ఇచ్చినప్పుడు వాంతులయ్యాయా?" చివరి ప్రశ్నకు చాలామంది సిజేరియన్ గుర్తుచేసుకుంటారు. అక్కడ ఇంకో ప్రశ్న వేయాలి. వెన్నులో ఇచ్చిన మత్తుకు బీపీ పడిపోయి టేబుల్ మీదే వచ్చిన వాంతి వేరు. ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి అయిన వాంతులైతేనే నేను లెక్కలోకి తీసుకుంటాను.

ఈ లెక్కకు ఒక పద్ధతి ఉంది. 2004లో జర్మనీ నుంచి ఎబర్‌హార్ట్ బృందం నాలుగు అంశాలతో ఒక స్కోరు ఇచ్చింది: వయసు మూడేళ్ళు, ఆపైన, ఆపరేషన్ 30 నిమిషాలు, ఆపైన, మెల్లకన్ను ఆపరేషన్, పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకు, తోబుట్టువులకు గానీ ఇదివరకు మత్తు తర్వాత వాంతులు. ఒక్కోదానికి ఒక మార్కు. సున్నా అయితే వాంతులయ్యే అవకాశం 9 శాతం, ఒకటైతే 10, రెండైతే 30, మూడైతే 55, నాలుగూ ఉంటే 70. ఒకటి నుంచి రెండుకు వెళ్ళేసరికి ముప్పు ఒక్కసారిగా మూడింతలవుతుంది. ప్రయాణపు వాంతులు, టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు) ఆపరేషన్లు ఈ స్కోరులో లేవు. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు వాటినీ ముప్పుగానే చూశాయి, నేనూ అలాగే చూస్తాను. మూడేళ్ళలోపు పిల్లలకు వాంతులు తక్కువ. ఆ తర్వాత పెరుగుతాయి. చిన్న వయసులో ఆడ, మగ తేడా ఉండదు, రజస్వల అయ్యాక ఆడపిల్లల్లో ఎక్కువ.

వాంతుల మందు ఇవ్వకూడని పిల్లలెవరో తేల్చుకోవాల్సింది కూడా ఇక్కడే. ఊరికే స్పృహ తప్పి పడిపోతున్నా, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నా ఈసీజీ చూడకుండా ఒండాన్‌సెట్రాన్ (వాంతులు కాకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఇవ్వను. క్యూటీ వ్యవధి (గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయం, ఈసీజీలో కనబడుతుంది) పుట్టుకతోనే ఎక్కువ ఉన్న పిల్లలకు అది మంచిది కాదు. ఒక్కవైపు టాన్సిలే బాగా పెరిగినా, మెడలో గడ్డలున్నా, పిల్లవాడు పాలిపోయి ఒంటిమీద కమిలిన మచ్చలున్నా డెక్సామెథసోన్ (వాంతులు తగ్గించే స్టెరాయిడ్) ఆపేసి ముందు రక్తపరీక్షలు చూస్తాం. లోపల బయటపడని రక్త క్యాన్సరో, లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సరో ఉంటే ఒక్క డోసుకే కణాలు ఒక్కసారిగా పగిలి ప్రాణం మీదకు రావచ్చు.

ఇక పస్తు. "రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్ళు కూడా ముట్టనివ్వకండి" అని చెప్పి పంపే అలవాటు ఇంకా పోలేదు. పొద్దున పదకొండుకు థియేటర్‌లోకి వచ్చే అయిదేళ్ళ పిల్లవాడు అప్పటికి పదకొండు గంటలుగా గుక్క నీళ్ళు లేకుండా ఉంటాడు. నరం దొరకదు, ఏడుపు ఆగదు, లేచాక వికారం మరీ ఎక్కువ. మేం పాటించేది ఇది: అన్నం, ఇడ్లీ, బిస్కెట్, డబ్బా పాలు, ఆవు పాలు, గేదె పాలు ఆరు గంటల ముందు ఆపాలి. నూనె పదార్థాలు, మాంసం అయితే ఎనిమిది గంటలు. తల్లిపాలు నాలుగు గంటలు. తేట ద్రవాలు రెండు గంటల ముందు దాకా ఇవ్వచ్చు. యూరప్‌లో 2022 మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు తేట ద్రవాలు గంట ముందు దాకా ఇస్తున్నారు.

తేట ద్రవం అంటే ఏమిటో విడమరిచి చెప్పకపోతే ఇక్కడే తేడా వస్తుంది. గాజు గ్లాసులో పోసి వెనక న్యూస్‌పేపర్ పట్టుకుంటే అక్షరాలు చదవగలగాలి. మంచినీళ్ళు, పంచదార నీళ్ళు, వడకట్టిన కొబ్బరినీళ్ళు, గుజ్జు లేని యాపిల్ జ్యూస్ ఈ పరీక్షకు నిలుస్తాయి. మజ్జిగ ఎంత పల్చనైనా నిలవదు. రాగిజావ, పాలు పోసిన టీ, మామిడి రసం, బత్తాయి రసం కూడా అంతే. ఒక్కసారికి కిలోకి 3 మి.లీ. చాలు. 16 కిలోల పిల్లవాడికి దాదాపు 50 మి.లీ., అంటే చిన్న టీ గ్లాసులో సగం.

ఇంత చెప్పినా దెబ్బతినేది లిస్టు మారినప్పుడు. తొమ్మిదింటి కేసు పన్నెండుకు జరుగుతుంది, వార్డుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే మొదటి కేసు ఆలస్యమవుతోందని తెలియగానే ఫోన్ చేస్తాం: "సిస్టర్, మూడో బాబుని పదకొండుకి ముందు పిలవం. ఎనిమిదిన్నరకి యాభై మి.లీ. నీళ్ళు పట్టించండి, టైము షీట్‌లో రాయండి." రెండో చిక్కు ఇంట్లోవాళ్ళ జాలి. నాయనమ్మో అమ్మమ్మో ఒక బిస్కెట్ చేతిలో పెడతారు. పస్తు సంగతి తల్లికి మాత్రమే చెప్తే సరిపోదు, మంచం పక్కన ఉండబోయే పెద్దావిడకూ చెప్పాలి. "పెట్టకండి" అని ఊరుకోకుండా, కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతుందని కారణం కూడా చెప్తే పాటిస్తారు.

మందుల లెక్కకు ఒక పిల్లవాణ్ణి తీసుకుందాం: వయసు అయిదేళ్ళు, బరువు 16 కిలోలు, రెండు కళ్ళకూ మెల్లకన్ను సరిచేయాలి, బస్సెక్కితే వాంతులు. స్కోరు మూడు (వయసు, మెల్లకన్ను, అరగంట దాటే ఆపరేషన్), పైన ప్రయాణపు వాంతులు. ఇలాంటి పిల్లవాడికి ఒక్క మందు చాలదు. రెండు వేర్వేరు మార్గాల్లో పనిచేసే మందులు ఇచ్చి, మత్తు పద్ధతినే మార్చాలి. ఇక్కడ రాసే డోసులు థియేటర్‌లో, మానిటర్ ముందు ఇచ్చేవి. ఇంట్లో ఇవ్వడానికి కావు.

డెక్సామెథసోన్ కిలోకి 0.15 మి.గ్రా., ఎంత బరువున్నా 5 మి.గ్రా. దాటకూడదు. మన పిల్లవాడికి 2.4 మి.గ్రా. మి.లీ.కి 4 మి.గ్రా. ఉండే వయల్ నుంచి 0.6 మి.లీ. పని మొదలవడానికి సమయం పడుతుంది కాబట్టి ఆపరేషన్ మొదట్లోనే ఇవ్వాలి, అయితే పిల్లవాడు నిద్రపోయాకే. మెలకువగా ఉండగా గబుక్కున ఎక్కిస్తే మర్మాంగాల దగ్గర భరించలేని మంట, దురద పుడతాయి. పెద్దవాళ్ళయితే చెప్పుకుంటారు, పిల్లలు బెంబేలెత్తి కేకలు పెడతారు.

ఒండాన్‌సెట్రాన్ కిలోకి 0.1 మి.గ్రా., గరిష్ఠం 4 మి.గ్రా. మన పిల్లవాడికి 1.6 మి.గ్రా. వార్డుల్లో ఎమెసెట్ అని పిలుచుకునే ఈ మందు 2 మి.లీ., 4 మి.లీ. ఆంప్యూల్స్‌గా వస్తుంది. రెండింట్లోనూ మి.లీ.కి 2 మి.గ్రా.లే, కానీ మొత్తం మందు ఒకదాంట్లో 4, ఇంకోదాంట్లో 8 మి.గ్రా. హడావుడిలో పెద్ద ఆంప్యూల్ విరిచి "ఒక ఆంప్యూల్" లెక్కన పలచన చేస్తే డోసు రెట్టింపు. మా దగ్గర 2 మి.లీ. ఆంప్యూల్‌నే సెలైన్‌తో 4 మి.లీ. చేసి, సిరంజి మీద "1 మి.లీ. = 1 మి.గ్రా." అని అంటిస్తాం. అప్పుడు 1.6 మి.గ్రా.కి 1.6 మి.లీ., లెక్క తప్పదు. ఆపరేషన్ ముగింపుకు వస్తుండగా రెండు నుంచి అయిదు నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించాలి.

మాస్క్‌తో ఊపిరి అందించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బ్యాగ్ గట్టిగా నొక్కితే గాలి ఊపిరితిత్తులతోపాటు కడుపులోకీ పోతుంది. ఒత్తిడి 15 సెం.మీ. నీటిమట్టం దాటకుండా చూసుకోవాలి. దవడ సరిగ్గా ఎత్తి పట్టుకుంటే అంతకన్నా అవసరం రాదు. అయినా పొట్ట ఉబ్బితే నోటిగుండా సన్నని ట్యూబు ఒకసారి వేసి గాలి తీసేసి, ట్యూబు కూడా తీసేస్తాం.

సెవోఫ్లూరేన్ లాంటి పీల్చే మత్తులే తొలి గంటల వాంతులకు ముఖ్య కారణం. ముప్పు ఎక్కువున్న పిల్లలకు నరం దొరికాక గ్యాస్ ఆపేసి ప్రొపొఫాల్ ఇన్‌ఫ్యూజన్ (నరంలోకి ఆగకుండా ఎక్కించే మత్తు) మీదకు మారతాం. గంటకు కిలోకి 15 మి.గ్రా.తో మొదలు: 16 కిలోలకు 240 మి.గ్రా., 1 శాతం మందు అయితే గంటకు 24 మి.లీ. ప్రతి పదిహేను నిమిషాలకు చూసుకుంటూ తగ్గిస్తాం. నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ కూడా వాడం. మెల్లకన్నులో ప్రొపొఫాల్‌తో ఒక జాగ్రత్త: సర్జన్ కంటి కండరాన్ని లాగగానే గుండె వేగం పడిపోవడం ఈ మత్తులో ఎక్కువ. పడగానే "సార్, ఒక్కసారి వదలండి" అనాలి, వదలగానే చాలాసార్లు తేరుకుంటుంది. కిలోకి 0.02 మి.గ్రా. లెక్కన గుండె వేగం పెంచే అట్రోపిన్ సిరంజి చేతికందేచోట ఉండాలి. ఇన్‌ఫ్యూజన్ పంపు లేని చిన్న ఆసుపత్రుల్లో కెటమైన్ అనే మత్తు ఇంజెక్షన్‌తో నడిపిస్తారు. దానితో వాంతులు ఎక్కువ కాబట్టి అక్కడ ఒండాన్‌సెట్రాన్ తప్పనిసరి అనే నా అభిప్రాయం.

నొప్పి మందు ఎంపికలో చాలా వాంతులు తప్పించవచ్చు. ట్రమడాల్ మన దగ్గర చేతికందే మందు, ఎక్కువగా వాంతులు తెప్పించేదీ అదే. పైగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు ట్రమడాల్, కోడీన్ రెండూ వద్దంది. మేం పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. ఇస్తాం. మన పిల్లవాడికి 240 మి.గ్రా., అంటే 100 మి.లీ. బాటిల్ నుంచి 24 మి.లీ. మాత్రమే. ఆ బాటిల్‌ను నేరుగా పిల్లవాడి నరానికి తగిలించడం ఘోరమైన తప్పు. ఎవరో ఒకరు మరిచిపోతే మొత్తం గ్రాము వెళ్ళిపోతుంది. 24 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, బాటిల్ పక్కన పడేయాలి. దీనికితోడు సర్జన్ ఒప్పుకుంటే ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫెనాక్ సపోజిటరీ గానీ. హెర్నియా, సున్తీ, వరిబీజం ఆపరేషన్లకు నడుము కింద కాడల్ బ్లాక్ (ఆ భాగాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) వేస్తే మార్ఫిన్ లాంటి నార్కోటిక్ నొప్పి మందుల అవసరమే దాదాపు ఉండదు. మెల్లకన్నుకు సర్జన్ చేత సబ్‌టెనాన్ బ్లాక్ (కంటి చుట్టూ మొద్దుబార్చే ఇంజెక్షన్) వేయిస్తే నొప్పీ వాంతులూ రెండూ తగ్గుతాయి.

సెలైన్ విషయంలో పొదుపు చేయకూడదు. మెల్లకన్ను పిల్లల్లో కిలోకి 10 మి.లీ. కంటే 30 మి.లీ. ఇచ్చినప్పుడు వాంతులు బాగా తగ్గినట్టు 2006లో ఒక పరిశోధన వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులు లేని పిల్లలకు మేం కనీసం 20 మి.లీ. లెక్కన రింగర్ లాక్టేట్ ఇస్తాం, మన పిల్లవాడికి 320 మి.లీ., కొలిచి ఎక్కించే బ్యూరెట్ సెట్‌తో. వార్డు అలవాటుగా అయిదు శాతం డెక్స్‌ట్రోజ్‌నో ఐసోలైట్-పీనో ఈ పనికి వాడకూడదు. వాటిలో ఉప్పు తక్కువ, ఆపరేషన్ తర్వాత ఒళ్ళు నీటిని పట్టి ఉంచుతుంది, సోడియం పడిపోతుంది. సోడియం పడితే వాంతులు, మగత, ఫిట్స్ వస్తాయి. "మత్తు వాంతులే" అనుకుంటూ కూర్చుంటే పరిస్థితి చేయి దాటుతుంది.

టాన్సిల్స్ అయ్యాక గొంతు, ముక్కు వెనకభాగం కంటితో చూస్తూ సక్షన్ చేస్తాం. కొండనాలుక వెనక దాగిన రక్తపు గడ్డ ఒక్కటి మిగిలినా చాలు, ముప్పే. గొంతులో పెట్టిన గాజ్ గుడ్డ ప్యాక్ బయటకు వచ్చిందని సిస్టర్ బిగ్గరగా చెప్పాలి. మింగిన రక్తం కడుపులో ఉంటే కక్కిస్తుంది. అయితే ప్రతి పిల్లవాడికీ కడుపు సక్షన్ చేసినందువల్ల వాంతులు తగ్గినట్టు రుజువు కాలేదు కాబట్టి, రక్తస్రావం ఎక్కువైన కేసుల్లోనే చేస్తాం.

రికవరీ గదిలో పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెడతాం. ట్రాలీ గతుకుల్లో లాగకూడదు, లైటు కళ్ళలో పడకూడదు. తల్లిని లోపలికి పిలిచినప్పుడు మొదట చెప్పేది, "లేపకండమ్మా, వాడే లేస్తాడు" అని. ఆత్రంగా భుజం తట్టి కూర్చోబెడితే మొదటి వాంతి అప్పుడే వస్తుంది. చిన్నపిల్లలు వికారమని చెప్పలేరు. మొహం పాలిపోతుంది, పెదాల చుట్టూ తెల్లబడుతుంది, నోట్లో నీళ్ళూరి గుటకలు వేస్తారు, మాట్లాడేవాడు మాట మానేస్తాడు, "కడుపు నొప్పి" అంటాడు. ఇవి కనబడగానే వాంతి పట్టే కిడ్నీ ట్రే దగ్గర పెట్టుకోవాలి.

అన్నీ చేసినా వాంతి అయితే తల పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, వెంటనే మందుకోసం పరుగెత్తకుండా కారణం వెతుకుతాం: నొప్పి ఉందా, బీపీ తగ్గిందా, నీళ్ళు చాలలేదా, షుగర్ పడిందా, రక్తం మింగుతున్నాడా. మందు ఇవ్వాలంటే వేరే రకం ఇవ్వాలి. ఒండాన్‌సెట్రాన్ ఇచ్చి ఆరు గంటలు కాకముందే మళ్ళీ అదే ఇస్తే లాభం లేదు. మొదట డెక్సామెథసోన్ ఇవ్వకపోయి ఉంటే అది ఇవ్వచ్చు. వాంతులకు ఇచ్చే ఇంకో మందు మెటోక్లోప్రమైడ్ నా మొదటి ఎంపిక కాదు. ఏడాదిలోపు పిల్లలకు వద్దే వద్దు, పెద్ద పిల్లల్లోనూ మెడ మెలితిరగడం, కనుగుడ్లు పైకి పోవడం లాంటివి రావచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రొమెథజైన్ సిరప్ కూడా అంతే, ఊపిరి మందగించే ప్రమాదముంది. మణికట్టు గీత నుంచి పిల్లవాడి వేళ్ళే మూడు వెడల్పు పైకి, రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య నొక్కడం వల్ల కూడా కొంత మేలు ఉంది. తల్లికి చూపిస్తే ఆవిడే చేస్తుంది, నష్టమేమీ లేదు.

ఇంటికి పంపే ముందు "ఏదైనా తాగి చూపించాలి" అనే నియమం మా వార్డులో లేదు. బలవంతంగా తాగించిన పిల్లలే ఎక్కువ కక్కుతారని 1992లోనే తేలింది. అడిగితేనే ఇస్తాం. మొదట పెదాలు తడిపి, తర్వాత ఒక చెంచా మంచినీళ్ళు, అయిదు పది నిమిషాలకు ఇంకో చెంచా. అరగంట నిలిస్తే గుక్కలు. టాన్సిల్స్ పిల్లలకు ఐస్ పుల్ల బాగా పనిచేస్తుంది, ఎర్రరంగుది మాత్రం వద్దు, రక్తమో రంగో తెలియదు. మొదటి తిండిగా పాలు, హార్లిక్స్ పెట్టి గ్లాసు ఖాళీ చేయించడం, ఖాళీ కడుపున యాంటీబయాటిక్ సిరప్ పోయడం సాయంత్రం వాంతులకు మామూలుగా కనబడే కారణాలు.

ప్రయాణం ఇంకో గండం. మెల్లకన్ను పిల్లవాణ్ణి ఆపరేషన్ అయిన మూడు గంటలకే హైదరాబాద్ నుంచి నల్గొండ బస్సెక్కిస్తే దారంతా వాంతులే. దూరం వెళ్ళేవాళ్ళను ఆ రాత్రి ఉండమంటాం, లేదా ఊళ్ళోనే బంధువుల ఇంట్లో ఉండి పొద్దున బయల్దేరమంటాం. తప్పదంటే కళ్ళు మూసుకుని పడుకోబెట్టి, ఫోన్ చేతికివ్వకుండా తీసుకెళ్ళాలి. థియేటర్ డోసుకు ఆరు గంటలు దాటాక వాడటానికి, అవసరమైతే ఒండాన్‌సెట్రాన్ సిరప్ బరువు చూసి చీటీలో రాసిస్తాం. 5 మి.లీ.లో 2 మి.గ్రా. ఉండే సిరప్ అయితే మన పిల్లవాడికి ఒకసారికి 4 నుంచి 5 మి.లీ.

టాన్సిల్స్ తర్వాత ముదురు గోధుమరంగు వాంతి ఒకసారి అయితే అది మింగిన పాత రక్తం, కంగారు పడక్కర్లేదు. ఎర్రటి రక్తం వచ్చినా, నిద్రలో కూడా మాటిమాటికీ గుటకలు వేస్తున్నా గొంతులో రక్తం కారుతున్నట్టే. అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య కూడా ఇలా జరగవచ్చు. ఆకుపచ్చటి పసరు వాంతి, పొట్ట ఉబ్బడం, వాంతులతోపాటు తలనొప్పి, మగత, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, ఒకరోజు దాటినా ఆగని వాంతులు: వీటిలో ఏదున్నా అర్ధరాత్రయినా తీసుకురావాల్సిందే. బయల్దేరేముందు నోటికి ఏమీ పెట్టకండి, మంచినీళ్ళు కూడా, ఎందుకంటే రాగానే మళ్ళీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. వాంతి పట్టిన గుడ్డో గిన్నో పారేయకుండా వెంట తెస్తే దాని రంగు చూసి సగం సంగతి మాకు అక్కడే తెలిసిపోతుంది.